చీట్ మెనూతో కక్ష్యలో పెట్టిన మిర్‌ని మిర్ అనొచ్చా?

కక్ష్య_51:
అందరికీ నమస్కారం. సోవియట్ యూనియన్ మొదలుపెట్టిన మిర్ అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్ ఎగిరి 40 ఏళ్లు అయిన సందర్భంగా, కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల గేమ్‌లో ఎవరి మిర్ వాళ్లు కట్టి ఫోటోలన్నీ ఇక్కడ ఒకచోట పెడదామనుకున్నాం కదా. ఇప్పటికి ఏడు స్టేషన్లు వచ్చాయి. చూడటానికి అన్నీ బాగున్నాయి. కానీ వాటిలో మూడు అసలు రాకెట్ ఎక్కలేదు. అసెంబ్లీ బిల్డింగ్‌లోనే మాడ్యూళ్లన్నీ అతికించి, చీట్ మెనూ తెరిచి, 'సెట్ ఆర్బిట్' నొక్కి పైన పెట్టేశారు. వాటినీ ఇదే వరుసలో ఉంచాలా?

ఉంచకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మిర్ ఒక వస్తువు కాదు, పదేళ్ల పని. కోర్ మాడ్యూల్ 1986 ఫిబ్రవరి 20న ఎగిరింది. క్వాంట్-1 1987లో, క్వాంట్-2 1989లో, క్రిస్టల్ 1990లో వెళ్లాయి. తర్వాత ఆ కట్టిన దేశమే లేకుండా పోయింది. ఐదేళ్లు ఖాళీ. స్పెక్టర్ 1995లో, ప్రిరోడా 1996లో చేరాయి. ప్రోటాన్ రాకెట్ ఒక్కసారికి 20 టన్నులు మోయగలదు, అంతకు మించి మోయలేదు. అందుకే ఆ స్టేషన్ ముక్కలుగా పుట్టింది. చివరికి దాదాపు 130 టన్నులైంది. ఆ ముక్కల్ని కలిపే కష్టాన్ని తీసేస్తే మిగిలేది బొమ్మే. బొమ్మ చేయడం తప్పు కాదు, కానీ దాని వరుస వేరు.

ప్రోటాన్:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. అయితే నీ లెక్కే పట్టుకుంటే నీ మిర్ కూడా ఆ వరుసలో ఉండకూడదు. నువ్వు ఆడేది గేమ్‌లో భూమికి బదులుండే మామూలు కెర్బిన్ మీద. ఆ గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లు. కక్ష్యలో ఉండాలంటే సెకనుకు 2.3 కిలోమీటర్ల వేగం చాలు. భూమికైతే దాదాపు 7.7 కావాలి. నేను గేమ్‌లోకి అసలు భూమి కొలతలే తెచ్చే రియల్ సోలార్ సిస్టమ్ మాడ్ వేసుకుని ఆడతాను. నా కోర్ మాడ్యూల్ పైకి వెళ్లడానికే మూడు వారాంతాలు పట్టింది. రెండుసార్లు మూడో దశలో ఇంధనం అయిపోయింది. నీది మొదటిసారికే వెళ్లి ఉంటుంది. మరి నీది కూడా సులువైన దారే కదా?

ఇంకో మాట. నీ పేరులో 51 పెట్టుకున్నావు గానీ, నీ ఫోటోల్లో స్టేషన్ భూమధ్యరేఖ మీదే తిరుగుతోంది. అసలు మిర్ భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో తిరిగింది. దాన్ని ప్రయోగించిన బైకొనూర్ నుంచి నేరుగా తూర్పుకు వదిలితే విడిపోయిన దశలు చైనా మీద పడతాయి. అందుకే ఆ వాలు.

కక్ష్య_51:
అన్నా, వాలు విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఆ వాలులో కడితే ప్రతి మాడ్యూల్‌నీ, మన లాంచ్‌ప్యాడ్ స్టేషన్ కక్ష్యాతలం కిందికి వచ్చే సమయం చూసి వదలాలి. కెర్బిన్ రోజుకు ఆరు గంటలు, అందులో రెండుసార్లే ఆ వీలు దొరుకుతుంది. అది చేయకుండా తప్పించుకున్నాను.

కానీ గ్రహం సైజు వేరే సంగతి. గ్రహం చిన్నదైనా డాకింగ్, అంటే కక్ష్యలో రెండు నౌకల్ని పోర్టుల దగ్గర కలపడం, డాకింగే. వంద మీటర్ల దగ్గర సాపేక్ష వేగం ఎంత, పోర్ట్ ఎటు తిరిగి ఉంది, ఏ థ్రస్టర్ ఎంతసేపు నొక్కాలి? ఇవి భూమి చుట్టూ అయినా కెర్బిన్ చుట్టూ అయినా ఒకటే. చీట్ మెనూలో ఆ ప్రశ్నే రాదు.

రాత్రి_పదకొండు:
ఆ మూడింట్లో ఒకటి నాది. కాబట్టి నేనే మాట్లాడతాను.

నా లాప్‌టాప్ పాతది. ఎనిమిది జీబీ ర్యామ్. బాబు పడుకున్నాక రాత్రి పదకొండుకు మొదలుపెడితే పన్నెండున్నర దాకా నా టైమ్. రాకెట్‌తో కలిపి ఒక్కో మాడ్యూల్ పైకి పంపడానికి గంట పడుతుంది, డాకింగ్‌కు ఇంకో గంట. స్టేషన్ దగ్గరకు వెళ్లేసరికి రెండింటి పార్టులూ కలిసి స్క్రీన్ సెకనుకు ఐదారు ఫ్రేములకు పడిపోతుంది. అలాంటప్పుడు డాకింగ్ చేయడమంటే కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కించడమే.

అయితే నేను సెట్ ఆర్బిట్ వాడింది అందుకోసమే కాదు. మీరు మిర్ అంటే కట్టడం అంటున్నారు. నాకు మిర్ అంటే అందులో బతకడం. వలేరి పోల్యకోవ్ 437 రోజులు ఒక్కసారిగా ఉన్నది అందులోనే. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ సరుకుల నౌక వచ్చి స్పెక్టర్‌ని గుద్దితే గాలి బయటికి పోవడం మొదలైంది. తలుపు మూయాలంటే అందులోంచి వెళ్తున్న కేబుళ్లు అడ్డం. వాటిని తీసేసి, కోసేసి, స్పెక్టర్‌ని మూసేశారు. ఆ కేబుళ్లతో పాటు స్పెక్టర్ సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటూ పోయింది. నేను ఆ రోజు నుంచి ఆడుతున్నాను. స్పెక్టర్ పలకలు మూసేసి, ఉన్న కరెంటుతో ముగ్గురు కెర్బల్స్‌ని, అంటే గేమ్‌లోని వ్యోమగాముల్ని, నడిపిస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది ప్రోగ్రెస్ నౌకలు పంపాను. ఆ తొమ్మిదీ లాంచ్‌ప్యాడ్ నుంచే వెళ్లాయి, చేత్తోనే డాక్ చేశాను.

మీ స్టేషన్ చివరి మాడ్యూల్ అతికాక ఏం చేశారు? ఫోటో తీసి వదిలేశారు కదా?

సూళ్లూరుపేట_నుంచి:
నా వయసుకు ఈ గేమ్ మా అబ్బాయి నేర్పాడు, కాబట్టి ఆటలో మీ అంత తెలియదు. ఒక్క విషయం చెప్పాలనిపించి రాస్తున్నాను.

2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు డాకింగ్ పరీక్ష కోసం చేసిన స్పేడెక్స్ ఉపగ్రహాలతో పీఎస్ఎల్‌వీ వెళ్లడం మా మేడ మీద నుంచే చూశాం. ఆ వెలుగు మబ్బులోకి వెళ్లాక కూడా శబ్దం వస్తూనే ఉంది. ఒక్కొక్కటి 220 కిలోలుండే రెండు చిన్న ఉపగ్రహాలు. వాటిని కలపడం 2025 జనవరి 16కి గానీ కుదరలేదు. మధ్యలో రెండుసార్లు వాయిదా వేశారు. ఒకసారి మూడు మీటర్ల దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి తీసుకెళ్లారు. ఆ రెండు వారాలూ మా వీధిలో టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. కాబట్టి డాకింగ్ విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా నేను రాత్రి_పదకొండు అమ్మాయి పక్షమే. వ్యోమగాములకు సిమ్యులేటర్‌లో డాకింగ్ నేర్పేటప్పుడు ప్రతిసారీ ప్రయోగం దగ్గర్నుంచి మొదలుపెట్టరు. రెండు వందల మీటర్ల దూరంలో, ఇంత వేగంతో ఉన్నావు, ఇక నడుపు అంటారు. దాన్ని మోసం అనం కదా? మొదలయ్యే చోటు అంటాం. సెట్ ఆర్బిట్ కూడా అంతే. ఎక్కడి నుంచి మొదలుపెట్టావన్నది కాదు, అక్కడి నుంచి ఏం చేశావన్నది చూడాలి.

కక్ష్య_51:
సార్, మొదలయ్యే చోటు అన్న మాట నాకు నచ్చింది. అక్క ప్రశ్నకు కూడా జవాబు చెప్తాను. అవును, ఫోటో తీసి వదిలేశాను. అది నిజం.

కానీ కట్టడంలోనే దొరికే విషయాలు కొన్ని ఉన్నాయి. రెండు చెప్తాను.

క్వాంట్-1కి సొంత ఇంజిన్ లేదు. దాన్ని వేరే నౌక తోసుకుంటూ తెచ్చింది. 1987 ఏప్రిల్ 5న మొదటి ప్రయత్నంలో స్టేషన్ పక్కనుంచి దూసుకుపోయింది. 9న తగిలింది గానీ పూర్తిగా బిగుసుకోలేదు. 11న స్టేషన్‌లోని వ్యోమగాములు యూరీ రొమనెంకో, అలెగ్జాండర్ లవేయ్‌కిన్ బయటికి వెళ్లి చూస్తే పోర్ట్ మధ్యలో ఒక సంచి లాంటి చెత్త ఇరుక్కుని ఉంది. తీసేశాక బిగుసుకుంది. నా క్వాంట్-1 కూడా తగిలి, అతుక్కోకుండా జారిపోయింది. నాలుగుసార్లు. చివరికి కెమెరా తిప్పి దగ్గరగా చూస్తే, పోర్ట్‌ని అసెంబ్లీలో తిరగేసి పెట్టాను. ముఖం మాడ్యూల్ వైపు ఉంది, వీపు బయటికి ఉంది. ఇంజినీర్ కెర్బల్‌ని బయటికి పంపి, పోర్ట్ ఊడదీసి, తిప్పి పెట్టించాను. కిందే అతికించి చీట్ మెనూతో పైన పెట్టేసి ఉంటే ఆ పోర్ట్ తప్పు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండోది ప్రిరోడా. దానికి సొంత సోలార్ పలకలు లేవు, బ్యాటరీల మీదే స్టేషన్ దాకా వచ్చింది. దారిలో కరెంటు సమస్య వచ్చి, డాకింగ్‌కు ఒక్కటే అవకాశం మిగిలింది. ఆ ఒక్కసారికే 1996 ఏప్రిల్ 26న కుదిరింది. నేనూ అలాగే పలకలు లేకుండా, 400 యూనిట్ల బ్యాటరీతో పంపాను. రెండు కిలోమీటర్ల దగ్గర 180 యూనిట్లు ఉన్నాయి. నౌకను తిప్పే రియాక్షన్ వీల్స్ కరెంటు తాగేస్తున్నాయని 60 మీటర్ల దగ్గర వాటిని ఆపేసి, థ్రస్టర్ల మీదే నడిపాను. కరెంటు సున్నాకు వస్తే మాడ్యూల్ మాట వినదు. అలాగే తిరుగుతూ వచ్చి స్టేషన్‌కి తగులుతుంది. సెకనుకు 0.3 మీటర్ల కంటే వేగంగా రావాలంటే భయం, నెమ్మదిగా వస్తే కరెంటు అయిపోతుంది. ఆ టెన్షన్‌లో చేతులు చెమట పట్టేశాయి. అతుక్కునేటప్పటికి 31 యూనిట్లు ఉన్నాయి.

ప్రిరోడాని చీట్ మెనూతో పెడితే ఆకారం వస్తుంది, ఆ 31 రాదు.

ప్రోటాన్:
ఇది బాగా చెప్పావు. మరి పక్క పోర్టులకు మార్చడం సంగతి? అసలు మిర్‌లో పెద్ద మాడ్యూళ్లు నేరుగా పక్క పోర్టుకు రాలేదు. ముందు పోర్టుకు వచ్చి అతుక్కునేవి. తర్వాత మాడ్యూల్‌కే ఉన్న చిన్న చెయ్యి, పోర్టులన్నీ ఉండే నోడ్‌ని పట్టుకుని, దాన్ని పక్కకు తిప్పి పెట్టేది. ల్యప్ప అంటారు. క్రిస్టల్ అయితే పదే పదే చోటు మారింది. 1995 జూన్‌లో అమెరికా అట్లాంటిస్ షటిల్ రావడానికి దాన్ని ముందు పోర్టుకు తేవాల్సి వచ్చింది. ప్రతిసారీ ఆ తిప్పలు ఎందుకని, నవంబర్‌లో అట్లాంటిసే ఒక డాకింగ్ మాడ్యూల్ తెచ్చి క్రిస్టల్ చివర తగిలించింది.

నువ్వు చేత్తో ఎగరేసి తిప్పావా, చెయ్యి కట్టావా?

కక్ష్య_51:
గేమ్ అదనపు ప్యాక్ బ్రేకింగ్ గ్రౌండ్‌లోని హింజ్‌తో చెయ్యి కట్టాను అన్నా. క్వాంట్-2కి పని చేసింది. క్రిస్టల్‌కి పార్టుల్ని కదలకుండా బిగించే ఆటోస్ట్రట్ తీసేయడం మర్చిపోయాను. హింజ్ తిప్పగానే స్టేషన్ మొత్తం వణికి, ఒక పలక విరిగింది. పాత సేవ్‌కి వెళ్లి మళ్లీ చేశాను. మిగతావి థ్రస్టర్లతో చేత్తోనే తిప్పాను.

రాత్రి_పదకొండు:
మీ ప్రిరోడా కథ రెండుసార్లు చదివాను. బాగుంది. కాదనను. మీకు తెలియనిది ఒకటి నేనూ చెప్తాను.

2001 మార్చి 23న మిర్‌ని దించేశారు. వెనకాల క్వాంట్-1 పోర్టుకు తగిలించిన ప్రోగ్రెస్ ఎం1-5 మూడుసార్లు ఇంజిన్ మండించింది. మిగిలిన ముక్కలు దక్షిణ పసిఫిక్‌లో పడ్డాయి. మన గేమ్‌లో 70 కిలోమీటర్ల పైన గాలి లేదు, కక్ష్య దానంతట అది తగ్గదు. కాబట్టి ఎవరూ ఈ పని చేసి చూడరు. నేను సేవ్ కాపీ చేసి పోయిన వారం ప్రయత్నించాను. ప్రోగ్రెస్ ఇంజిన్ వెలిగించగానే స్టేషన్ పక్కకు తిరగడం మొదలైంది. రియాక్షన్ వీల్స్ ఆపలేకపోయాయి. ఎందుకంటే పక్క పోర్టుల్లో నాలుగు మాడ్యూళ్లూ ఒకే బరువు కాదు. క్రిస్టల్ చివర ఆ డాకింగ్ మాడ్యూల్ ఉంది కదా, బరువు కేంద్రం అటు జరిగింది. ఇంజిన్ నెట్టే గీత ఆ కేంద్రం గుండా పోవడం లేదు.

మీరు ఆరు మాడ్యూళ్లు చేత్తో అతికించారు. మీ స్టేషన్‌ని ఒక్కసారైనా నెట్టారా?

కక్ష్య_51:
అక్కా, మీరు రాసింది చదివాక నిన్న రాత్రి కూర్చున్నాను. వెనక పోర్టుకు ప్రోగ్రెస్ తగిలించి ఇంజిన్ వెలిగించాను. ఇరవై సెకన్లలో నా స్టేషన్ అడ్డం తిరిగిపోయింది. మీ కంటే ఘోరం. నేను డాకింగ్ మాడ్యూల్‌ని అసలు కొలత కంటే పెద్దగా కట్టాను.

అప్పుడే సోఫోరా గుర్తొచ్చింది. 1991లో క్వాంట్-1 మీద 14 మీటర్ల దూలం కట్టి, మరుసటి ఏడు దాని కొసన థ్రస్టర్లు పెట్టారు. అంత దూరంలో ఎందుకు పెట్టారో ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. నేను దాన్ని అలంకారం కోసం కట్టాను, థ్రస్టర్లు పెట్టలేదు. కేంద్రానికి దూరంగా ఉంటే చిన్న తోపుతోనే స్టేషన్ తిరుగుతుంది, ఇంధనం మిగులుతుంది. దాని పని ఇదని కట్టినప్పుడు నాకు తెలియలేదు, నెట్టినప్పుడు తెలిసింది.

వరుస గురించి నా మాట ఇప్పటికీ మారలేదు. చేత్తో కట్టినవి ఒక వరుస, పైన పెట్టినవి ఒక వరుస. కానీ రెండూ ఈ పేజీలోనే ఉండాలి. ప్రతి ఫోటో కింద ఎక్కడి నుంచి మొదలుపెట్టారో, తర్వాత ఏం చేశారో రాద్దాం. నా ఫోటో కింద 'ఇంకా సరిగ్గా నెట్టలేదు' అని రాసి ఉంచాను.

సూళ్లూరుపేట_నుంచి:
నాకు సమ్మతమే. మా అబ్బాయి ఇప్పుడే కోర్ మాడ్యూల్ లాంచ్‌ప్యాడ్ మీదికి తెచ్చాడు. వాలు 51.6 పెట్టమని పక్కన కూర్చుని చెప్తున్నాను.

రాత్రి_పదకొండు:
సరే, అలాగే రాద్దాం. ఈ ఆదివారం బాబు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. నా రెండో సేవ్‌లో క్వాంట్-1ని మాత్రం కింద నుంచి పంపుతాను, పోర్ట్ ఎటు ఉందో ముందే చూసుకుని.

కక్ష్య గారూ, మీ ప్రోగ్రెస్ ఇంజిన్‌కి థ్రస్ట్ లిమిటర్ ముప్పై శాతానికి తగ్గించి చూడండి. ఎక్కువసేపు మండాల్సి వస్తుంది గానీ, ఆ తోపుకి రియాక్షన్ వీల్స్ తట్టుకుంటున్నాయి. నా స్టేషన్ మూడు డిగ్రీలకు మించి తిరగలేదు. ఇంకా తిరిగితే సోఫోరా కొసన థ్రస్టర్లు నాలుగు పెట్టండి.