లివర్‌లో చిన్న మచ్చలు: కాల్చాలా, కోయాలా?

రాత్రిడ్యూటీ:
నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర. ఇప్పుడు స్కాన్‌లో లివర్‌లో రెండు మచ్చలు కనిపించాయి, పెద్దది 2.2 సెంటీమీటర్లు, చిన్నది 1. సర్జన్ కోసి తీసేద్దామంటున్నారు. ఇంకో డాక్టర్ మైక్రోవేవ్ సూదితో కాల్చేస్తే చాలంటున్నారు. ఇద్దరూ నమ్మకంగానే చెప్తున్నారు, టెన్షన్ మాకే. ఈ కాల్చడం ఆపరేషన్‌కు తట్టుకోలేని వాళ్ళకిచ్చే నాసిరకం వైద్యమా?

కత్తిపక్షం:
మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆపరేషనే. కోసిన ముక్క పాథాలజీకి వెళ్తుంది, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందో లేదో మైక్రోస్కోప్ చెప్తుంది. కాల్చినదానికి ఆ సాక్ష్యం ఏదీ? కాల్చిన చోటే మళ్ళీ మొలిచిన వాళ్ళు తక్కువేం కాదు.

సూదిమందు:
పదేళ్ళ కిందటైతే తలూపేవాణ్ణి. సరిగ్గా ఈ తగువు తేల్చడానికే కొలిజన్ ట్రయల్ పెట్టారు, ఫలితాలు 2024లో చెప్పారు. 3 సెంటీమీటర్లలోపు మచ్చలున్న 296 మందిని సగం సగం చేసి, ఒకరికి కోత, ఒకరికి వేడి. బతికిన కాలంలో వేడి వెనకబడలేదు. కాంప్లికేషన్లు తక్కువ, ఆసుపత్రిలో ఉండేది సుమారు ఒక రోజు, అటువైపు నాలుగు. ఫలితం ముందే తేలిపోవడంతో ట్రయల్‌ని సగంలోనే ఆపేశారు.

కత్తిపక్షం:
అందులోకి తీసుకున్నది రెండు పద్ధతులూ కుదిరే వాళ్ళనే అని కూడా చెప్పండి మరి. చేసింది చెయ్యి తిరిగిన వాళ్ళు. ఎవరు చేసినా అంతే వస్తుందని ఆ ట్రయల్ అనలేదు.

సూదిమందు:
ఒప్పుకుంటాను. అసలు గుట్టు అంచులోనే ఉంది. 60 డిగ్రీలు దాటితే కణాలు అక్కడికక్కడే చస్తాయి. కానీ మచ్చ ఒక్కటీ కాలితే చాలదు, చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు, వీలైతే 10, మంచి లివర్ కూడా కాలాలి. పక్కనే లావు రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాక్కుపోతుంది. కాల్చడంలో పాత పద్ధతైన రేడియోఫ్రీక్వెన్సీకి ఇదే పెద్ద తలనొప్పి. మైక్రోవేవ్‌లో ఆ ఇబ్బంది పోలేదు, తగ్గింది.

నాసిరకమా అన్నారు కదా. ఆపరేషన్ కుదరని 119 మందితో పాత ట్రయల్ ఒకటుంది, పేరు క్లాక్. కీమో ఒక్కటే ఇచ్చిన వాళ్ళలో ఎనిమిదేళ్ళ తర్వాత బతికున్నది 9 శాతం. కీమోతో పాటు కాల్చిన వాళ్ళలో 36.

అమ్మతోడు:
మా అమ్మకు కాల్చారు. మర్నాడు ఇంటికొచ్చాం. పొట్ట మీద సూది గుచ్చిన గాటు తప్ప ఏం లేదు. నొప్పి మాత్రం కుడి భుజంలో! గుండె అనుకుని హడలిపోయాం. కాల్చిన చోటు డయాఫ్రమ్‌కి, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరానికి, ఆనుకుని ఉంటే నొప్పి భుజంలో తెలుస్తుందట. వారం పాటు సన్న జ్వరం. తర్వాతి స్కాన్‌లో మచ్చ ముందుకంటే రెట్టింపు సైజులో నల్లగా కనిపిస్తే నేను అక్కడే ఏడ్చేశాను. అది కాలిన మేర అని, అలాగే ఉండాలని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. మీరు తయారుగా ఉండండి.

కత్తిపక్షం:
రాత్రిడ్యూటీ గారూ, ఆ రెండూ లివర్‌లో ఎక్కడున్నాయి? సైజు చెప్పారు గానీ అది చెప్పలేదు.

రాత్రిడ్యూటీ:
ఇవాళ అడిగొచ్చానండీ. పెద్దది పైపైనే ఉంది, పేగుకు ఆనుకుని. చిన్నది కుడివైపు బాగా లోతున.

సూదిమందు:
అయితే పెద్దదాని విషయంలో నేను ఓడిపోయాను. పేగుకు వేడి తగిలితే చిల్లు పడొచ్చు. అది కోయడమే మేలు.

కత్తిపక్షం:
చిన్నదాన్ని మీరే ఉంచుకోండి. ఒక సెంటీమీటరు కోసం లోపల అంత లివర్ తీసెయ్యమని నేనూ అనను. పొట్ట తెరిచినప్పుడే అల్ట్రాసౌండ్ పెట్టి చిన్నదాన్ని కాల్చేయొచ్చు, ఒకే సిటింగ్. ఇద్దరు డాక్టర్లనీ విడివిడిగా కాదు, ట్యూమర్ బోర్డులో, అంటే క్యాన్సర్ డాక్టర్లంతా కలిసి కేసు చూసే మీటింగ్‌లో, ఒకే స్కాన్ ముందు కూర్చోమనండి.

రాత్రిడ్యూటీ:
మంగళవారం బోర్డు ఉందట. ఫైలు ఇచ్చేసి వచ్చాను. ఏమన్నారో వచ్చి రాస్తాను.