స్లైడులో నెక్రోసిస్ (కణాలు చచ్చిన చోటు) లేదు, అయినా మెదడు గడ్డకి గ్రేడ్ 4 అని రాయాలా?

గాజుపలక (పాథాలజీ పీజీ): నిన్న డిపార్ట్‌మెంట్‌లో ఇదే గొడవ. 58 ఏళ్ల పేషెంట్, చిన్న బయాప్సీ. చూడ్డానికి గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమాలా (నెమ్మదిగా పెరిగే మెదడు గడ్డ) ఉంది. నెక్రోసిస్ లేదు, రక్తనాళాల గుబురూ లేదు. ఐడీహెచ్1 జన్యువులో మ్యుటేషన్ (మార్పు) పట్టే స్టెయిన్ నెగెటివ్. టెర్ట్ అనే ఇంకో జన్యువు ప్రమోటర్‌లో (దాన్ని ఆన్ చేసే భాగంలో) మ్యుటేషన్ ఉంది. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం ఇది గ్లియోబ్లాస్టోమా, అంటే వేగంగా పెరిగే గ్రేడ్ 4 గడ్డ. నాకు చెయ్యి రావట్లేదు.

పాతమైక్రోస్కోప్: రాయమ్మా, భయమెందుకు? మనకొచ్చింది మినపగింజంత ముక్క. సూది రెండు సెంటీమీటర్లు పక్కకి పడితే నెక్రోసిస్ మనకెలా కనిపిస్తుంది? ఐడీహెచ్ మార్పు లేనప్పుడు టెర్ట్ మ్యుటేషన్, ఈజీఎఫ్ఆర్ యాంప్లిఫికేషన్ (ఆ జన్యువు కాపీలు బాగా పెరగడం), 7వ క్రోమోజోమ్ పెరిగి 10వది పోవడం: వీటిలో ఒక్కటున్నా గ్రేడ్ 4 అనడానికి చాలు.

మూడోకన్ను: ఆగండి సార్. ఐడీహెచ్ మ్యుటేషన్ ఉంటే ఇది గ్లియోబ్లాస్టోమా కాదు కదా, అది లేదని ఎలా తేల్చారు? ఆ స్టెయిన్ ఆర్132హెచ్ రకాన్ని మాత్రమే పడుతుంది. ఐడీహెచ్ మ్యుటేషన్లలో దాదాపు పదింట ఒకటి తప్పించుకుంటుంది. టెర్ట్ మ్యుటేషన్ ఆలిగోడెండ్రోగ్లియోమా అనే వేరే మెదడు గడ్డలోనూ ఉంటుంది. రేపు దాని గుర్తయిన 1పీ/19క్యూ (1, 19 క్రోమోజోమ్‌ల చేతులు) పోయిందని తేలితే మన గ్రేడ్ 4 ఏమైపోవాలి?

పాతమైక్రోస్కోప్: వయసు 55 దాటితే సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష) అక్కర్లేదుగా.

మూడోకన్ను: ఆ మినహాయింపు స్లైడులోనే గ్లియోబ్లాస్టోమా కనబడినప్పుడు సార్! ఇక్కడ కనబడలేదనే కదా గొడవంతా.

పాతమైక్రోస్కోప్: సరే, అది ఒప్పుకుంటా. సీక్వెన్సింగ్ పంపండి.

బావమరిది: నేను డాక్టర్ని కాదు. మా బావగారికి ఒక ల్యాబ్ గ్రేడ్ 2 అంది, ఇంకో ల్యాబ్ గ్రేడ్ 4 అంది. ముక్క ఒక్కటే. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఎవరిది తప్పు?

మూడోకన్ను: ఇద్దరిదీ కాకపోవచ్చండీ. మొదటివాళ్లు స్లైడు చూసి, రెండోవాళ్లు జన్యు పరీక్ష కూడా కలిపి చెప్పి ఉంటారు. రెండో రిపోర్టులో ఐడీహెచ్ ఎలా పరీక్షించారో మీ డాక్టర్ గారిని అడగండి. నా గొణుగుడు ఇదే: స్లైడులో కనిపించింది ఒక వరుసలో, జన్యు ఫలితం ఇంకో వరుసలో, రెండూ కలిపిన పేరు పైన రాస్తే ఇంటివాళ్లకి ఈ టెన్షన్ ఉండదు. పరీక్ష చేయకపోతే ఎన్‌ఓఎస్ (రకం ఇంకా తేలలేదు) అని రాయడానికి మనకి నామోషీ.

కత్తిపీట (న్యూరోసర్జరీ): రేడియేషన్, టెమోజోలమైడ్ (కీమో మందు) ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ పేరు మీదే ఆధారపడుతుంది. ఇంతమందిలో ఎంఆర్ఐ అడిగినవాళ్లే లేరు. కాంట్రాస్ట్ మందు ఇచ్చాక గ్లియోబ్లాస్టోమాలో తరచూ కనిపించేలా గడ్డ రింగులా వెలిగిందా?

గాజుపలక: ఫారంలో ‘ఎడమ టెంపోరల్ గడ్డ’ అని మాత్రమే ఉంది సార్. రేపు పొద్దున్నే ఫిల్ములు తెప్పిస్తా.