48 గంటల సోలో జామ్‌కి చీకటి కథ గేమ్: కొమ్మలు ఎన్ని పెట్టాలి, ఏ టూల్ వాడాలి?

రాత్రిపాళీ:
48 గంటల సోలో జామ్‌కి (గడువులోపు ఒక్కరే గేమ్ తయారుచేసే పోటీ) ఒక ఆలోచన సిద్ధంగా ఉంది. తుఫాను రాత్రి, ఆనకట్ట కంట్రోల్ రూమ్‌లో ఒక్కడే ఆపరేటర్. నీటిమట్టం పెరుగుతూ ఉంటుంది. ఎడమ గేటు ఎత్తితే ఒక ఊరు మునుగుతుంది, కుడి గేటు ఎత్తితే ఇంకో ఊరు. ఫోన్లు మోగుతూనే ఉంటాయి. దయ్యాలు లేవు, రక్తం లేదు, కానీ ఆడినవాళ్లకి మనసు బరువెక్కాలి. కోడ్ ఓ మాదిరిగా వచ్చు, బొమ్మలు వేయడం రాదు. టెక్స్ట్ అంతా తెలుగులోనే. కథల గేమ్స్ రాసే ట్వైన్, ఇంక్, అన్ని రకాల గేమ్స్ చేసే గోడాట్‌లలో ఏది వాడాలి? ఎన్ని మలుపులు, ఎన్ని ముగింపులు పెడితే 48 గంటల్లో తెమలుతుంది?

గాజుకలం:
ముందు కొమ్మల లెక్క చూడండి. ప్రతి నిర్ణయం దగ్గరా కథని రెండుగా చీలుస్తూ పోతే ఐదు నిర్ణయాలకి 32 ముగింపులు, మొత్తం 63 పాసేజీలు (తెరమీద ఒక్కోసారి కనిపించే టెక్స్ట్ ముక్కలు). ఒక్కోదానికి 80 మాటలనుకున్నా ఐదు వేల మాటలు రాయాలి. ఒకసారి ఆడేవాళ్లు చూసేది వాటిలో ఆరు పాసేజీలే. అందుకే చీల్చిన కొమ్మని వెంటనే కలిపేయండి. ఐదు ఫోన్ కాల్స్, అందరికీ అవే, అదే వరసలో. మారాల్సింది వేరియబుల్స్ (గేమ్ గుర్తుపెట్టుకునే విలువలు) మాత్రమే. మీ కథకి నాలుగు చాలు: నీటిమట్టం, ఎడమ గేటు, కుడి గేటు, అబద్ధం చెప్పాడా లేదా.

ఆ నాలుగోదే అసలైనది. రెండో కాల్‌లో ఒకామె "మా ఊరికేమీ కాదు కదా?" అని అడుగుతుంది. ఏమీ కాదంటే ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ క్షణంలో గేమ్ ఏమీ అనకూడదు. నాలుగో కాల్‌లో అదే నంబరు మళ్లీ మోగాలి, మొదటి రెండు వాక్యాలు ఆ జవాబుని బట్టి మారాలి. తప్పుకి అప్పటికప్పుడే ఫలితం చూపిస్తే ఆడేవాళ్లు దాన్ని మార్కుల్లా లెక్కేసుకుంటారు. రెండు సీన్లు ఆగి తగిలితే, అన్నది తామేనని వాళ్లకే గుర్తొస్తుంది.

ఇంకొకటి. ఏం చేసినా నష్టమే అయితే మూడో కాల్‌కల్లా చదవడం మానేసి క్లిక్ చేస్తూ పోతారు. కనీసం ఒక్క కాల్‌లోనైనా మంచి నిర్ణయం నిజంగా పని చేయాలి, ఒకరు బతికి బయటపడాలి. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే భయం పుడుతుంది. ముగింపులు మూడు చాలు, టెక్స్ట్ మొత్తం 2,000 మాటలు మించనివ్వకండి. జామ్‌లో ఓటేసేవాళ్ల ముందు ఇంకా చాలా గేమ్స్ ఉంటాయి.

పిక్సెల్‌పురుగు:
టూల్ విషయానికొస్తే ట్వైన్, అందులో షుగర్‌క్యూబ్ ఫార్మాట్ (ట్వైన్ కథని బ్రౌజర్‌లో నడిపించే పద్ధతుల్లో ఒకటి). తెలుగు ఒత్తులు, గుణింతాలు కుదిర్చే పని బ్రౌజరే చూసుకుంటుంది. గోడాట్ 4లోనూ తెలుగు సరిగ్గానే వస్తుంది, 3లో రాదు. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో టెక్స్ట్ చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోతో అయితే ఒత్తులు విడిపోతాయి, 48 గంటల్లో ఆ గొడవ వద్దు. ఇంక్ రాయడానికి చాలా హాయిగా ఉంటుంది కానీ నీటిమట్టం, గేట్లు తెరమీద కదలాలంటే జావాస్క్రిప్ట్ విడిగా రాసుకోవాలి.

అక్షరాలు ఒక్కొక్కటిగా టైపయ్యే ఎఫెక్ట్ పెట్టకండి. "స్త్రీ" చూడ్డానికి ఒక్క అక్షరమే అయినా లోపల ఆరు కోడ్‌పాయింట్లు (కంప్యూటర్ దాచుకునే విడి సంకేతాలు). ఒక్కొక్కటే బయటికొస్తుంటే అక్షరం రూపు మారుతూ గెంతుతుంది. మాట మాటగా వచ్చేలా చేయండి.

ఫాంట్‌గా నోటో సెరిఫ్ తెలుగు ఫైల్‌ని గేమ్‌తోపాటే జిప్‌లో పెట్టండి. లైన్ల మధ్య ఎడం 1.7 ఉంచండి, లేకపోతే ఒత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి. చీకటి గేమ్ అనగానే నలుపు మీద ముదురు బూడిద రంగు అక్షరాలు పెడతారు, అవి చదవలేం. కాంట్రాస్ట్ (అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో తేడా) 4.5:1 కన్నా తగ్గనివ్వకండి.

చెవిలోవాన:
బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదండీ, ఈ కథని మోసేది శబ్దమే. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో 32 సెకన్ల బ్రౌన్ నాయిజ్ (బరువైన హోరు శబ్దం) తీసి 400 హెర్ట్జ్ దగ్గర, దానికి పైనున్న సన్నని శబ్దాల్ని తగ్గించే లో-పాస్ ఫిల్టర్ వేస్తే గోడ అవతల వాన అవుతుంది. చివరి 2 సెకన్లని మొదటి 2 సెకన్లతో క్రాస్‌ఫేడ్ చేస్తే (ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా కలిపితే) అతుకు వినపడని, మళ్లీ మళ్లీ తిరిగే 30 సెకన్ల లూప్ వస్తుంది. దాన్ని ఎంపీ3గా మార్చకండి, ఎన్‌కోడర్ రెండు చివర్లా కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ వాన ఎక్కిళ్లు పెడుతుంది. 22,050 హెర్ట్జ్ మోనో వేవ్ ఫైల్ అయితే 1.3 ఎంబీయే. ఇక ఆ నాలుగో కాల్ ఎత్తగానే వానని పూర్తిగా ఆపేయండి. గేమ్ మొత్తంలో అక్కడ ఒక్కచోటే.

ఆడేవాళ్లు ఒక్క క్లిక్కైనా చేసేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు. కంటెంట్ హెచ్చరిక పేజీ పెట్టి, దాని కింద "మొదలుపెట్టు" బటన్ ఉంచితే రెండు పనులూ అయిపోతాయి. హెచ్చరిక స్పష్టంగా ఉండాలి: "వరద, మరణాల ప్రస్తావన, తెరమీద కనిపించవు". మెరుపులు పెడితే సెకనుకి మూడుకి మించకూడదు, ఆపేసే ఆప్షన్ ఇవ్వండి.

డెడ్‌లైన్‌దాసు:
12వ గంటకల్లా మొదటి కాల్ నుంచి ముగింపు దాకా క్లిక్ చేస్తూ వెళ్లగలగాలి, ప్రతి పాసేజీలో ఒక్క వాక్యమే ఉన్నా సరే. అసలు రాత పని ఆ తర్వాతే. మొదటి సీన్‌ని చెక్కుతూ కూర్చుంటే ముగింపు చివరి గంటలో పడుతుంది, ఇలాంటి గేమ్‌కి ముగింపు పలచబడితే ఇంకేమీ మిగలదు. 36వ గంట తర్వాత కొత్తది ఏదీ చేర్చకండి. ఇద్దరి చేత ఆడించండి, పక్కన కూర్చుని ఏమీ చెప్పకండి, ఎక్కడ చదవకుండా దాటేస్తున్నారో రాసుకోండి. రెండు రాత్రులూ నిద్రపోండి.

గేమ్స్ పెట్టే సైట్ ఇచ్.ఐఓలో ఎక్కించేటప్పుడు జిప్‌లో పైస్థాయిలోనే ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్ఎల్ ఉండాలి. ట్వైన్ మాత్రం ఫైల్‌ని కథ పేరుతో ఇస్తుంది, పేరు మార్చడం మర్చిపోవద్దు. ఫైల్ పేర్లు కోడ్‌లో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉండాలి. విండోస్ ఇంగ్లీష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాల (A, a) తేడా పట్టించుకోదు, సర్వర్ పట్టించుకుంటుంది, మీ దగ్గర వినపడిన వాన అక్కడ వినపడదు. చివరి పరీక్ష ఇన్‌కాగ్నిటో విండోలో చేయండి. మామూలు విండోలో పాత వేరియబుల్స్ మిగిలిపోయి మోసం చేస్తాయి. ఒక్కోసారి ఆర్ట్, సౌండ్ కూడా ఆ 48 గంటల్లోనే చేయాలని, సోర్స్ ఇవ్వాలని నియమం ఉంటుంది, లూడమ్ డేర్ అనే జామ్‌లోని సోలో విభాగం కాంపో అలాంటిదే. మీ జామ్ రూల్స్ ముందే చదవండి.

రాత్రిపాళీ:
చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి. చివరి కాల్‌లో ఏడుస్తున్న చిన్నపిల్ల గొంతు పెడదామనుకుంటున్నాను. మరీ ఎక్కువవుతుందా?

గాజుకలం:
అవుతుంది. ఏడుపు వినగానే రచయిత ఏం అనిపించాలనుకుంటున్నాడో తెలిసిపోతుంది, ఆడేవాళ్లు దూరం జరుగుతారు. దాని బదులు పై ఆఫీసు నుంచి కాల్ పెట్టండి. ఏ గేటు, ఏ టైముకి, ఎన్ని అడుగులు ఎత్తారో రిజిస్టర్‌లో రాయడానికి అడుగుతారు, అంతే. ఆ టైములు ఆడేవాళ్లే టైప్ చేసేలా టెక్స్ట్‌బాక్స్ ఇవ్వండి. తప్పు టైము రాసినా గేమ్ ఒప్పేసుకోవాలి.