‘బ్రహ్మకూకటి ముట్టెద’లో ముట్టు అంటే తాకడమా, అందడమా?

బుడమేరు గట్టు:
నాలుగు రోజులుగా ఒక పద్యపాదం నోట్లో ఆడుతోంది, వదలడం లేదు. "కోర్కి దీర బ్రహ్మకూకటి ముట్టెద". పోతన భాగవతంలో వామన చరిత్రలోదని తెలుసు. ముందు పాదాలు సగం సగం గుర్తొస్తున్నాయి. "ఒంటివాడ నాకు" అని మొదలు, తర్వాత "సొమ్ములొల్ల" అని ఏదో ఉంది. నా సందేహం మాత్రం ‘ముట్టెద’ దగ్గర.

ఎందుకు పట్టుకుందో చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగాక, ఒక సంస్థ నగదు సాయం చేసిన ఇళ్లకు సర్వేకి వెళ్లాను. డబ్బు పంపిన కొన్ని వారాలకు వెళ్లి అడిగే సర్వే అది. వచ్చిందా, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, తెచ్చుకోవడానికి ఆటోకి ఎంత పోయింది, మధ్యలో ఎవరైనా వాటా అడిగారా, డబ్బు మూలంగా ఇంట్లో గొడవైందా, ఇవీ ప్రశ్నలు. వాటిని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసింది నేనే. మొదటి ప్రశ్న "సాయం అందిందా?" అని రాశాను.

ఒక పెద్దావిడ ఇంట్లో గోడ మీద బురద చార నా భుజం ఎత్తున ఉంది. పాసుపుస్తకం చాప మీద ఆరబెట్టి ఉంది, అట్ట ఊడిపోయి, పేజీలన్నీ అతుక్కుపోయి. "అందింది బాబూ, మెసేజీ అందింది" అంది. నేను ‘అవును’ గడిలో టిక్కు పెట్టేశాను. రెండో ప్రశ్న అడగబోతుంటే, "మావాడి ఖాతాలో పడ్డాయంట. నాకు ముట్టలా" అంది. తన పుస్తకం నానిపోయిందని కొడుకు ఖాతా నంబరు ఇచ్చిందట. టిక్కు అప్పటికే పెట్టేశాను గానీ, నేను అడిగిన ప్రశ్నే తప్పని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కొత్త ఫారం రాస్తున్నాం. ‘అందింది’ తీసేసి ‘ముట్టింది’ పెట్టాలని నా పట్టు. ముట్టడమంటే తాకడం, వినడానికి బాగోదని తోటివాళ్లు అంటున్నారు. పోతన వాడిన ముట్టు ఏ ముట్టు? పనిలో పనిగా లబ్దిదారులు అనే మాటకి బదులు ఇంకేదైనా మంచి మాట ఉంటే చెప్పండి.

పద్యాల మాష్టారు:
నాయనా, ముందు పద్యం పూర్తిగా.

ఒంటివాడ నాకు నొకటి రెండడుగుల
మేర యిమ్ము సొమ్ము మేర యొల్ల
కోర్కి దీర బ్రహ్మకూకటి ముట్టెద
దానకుతుకసాంద్ర దానవేంద్ర

‘సొమ్ములొల్ల’ కాదు, ‘సొమ్ము మేర యొల్ల’. ఆటవెలది రెండో పాదం, మే-మే యతి అక్కడే ఉంది. ‘సొమ్ములొల్ల’ అంటే యతీ పోతుంది, ఒక గణమూ తగ్గుతుంది. ఇక ముట్టడం తాకడమే. వడుగు ఒకటి రెండడుగులు అడిగి, పెరిగి పెరిగి సత్యలోకం దాకా కాలు చాపాడు. బ్రహ్మ జుట్టు నిజంగానే తాకేంత ఎత్తు పెరుగుతానని బలికి ముందే చెప్పేశాడు, బలికే అర్థం కాలేదు. చమత్కారమంతా తాకడంలో ఉంది. దాన్ని అందడంగా మారిస్తే పద్యం చప్పబడిపోతుంది. ఇంకో మాట, లబ్దిదారు కాదు, లబ్ధిదారు. ధకి ఒత్తు ఉంది.

తాటాకు:
మాష్టారు గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. ‘కోర్కి దీర’ అన్న మాట వదిలేశారు. కోరిక తీరితే బ్రహ్మానందం దాకా చేరుకుంటానని బలి వినే అర్థం. తాకుతాననేది వామనుడు లోపల దాచుకున్న అర్థం. రెండూ ఒకే క్రియలో ఇమడాలంటే ముట్టుకి ‘దాకా చేరు’ అనే అర్థం ముందే జనం నోట్లో ఉండాలి కదా. ఉంది కూడా. సొమ్ము ముట్టజెప్పడం అంటాం, ఎవరినీ తాకడం లేదు. కోటని ముట్టడించడం అన్నా చుట్టూ చేరడమే. ఆ పెద్దావిడ మాట పోతన మాటకి అక్కచెల్లెలు.

బళ్లారి వైపు:
కన్నడంలోనూ అంతే. మా ఇంటి పక్క కన్నడంవాళ్లు కబురు చేరవేయడాన్ని ముట్టిసు అనే అంటారు. డబ్బు ముట్టిందా అన్నా వాళ్లకి తేడా లేకుండా అర్థమవుతుంది. రెండు భాషల్లో రెండు అర్థాలూ ఉన్నాయంటే చాలా పాతకాలం నాటి సంగతి. తాకడం ముందా, చేరడం ముందా అంటే తాకడమే ముందని నా ఊహ. చేతికి తగిలితేనే వచ్చినట్టు.

ఓరుగల్లు అక్క:
మా దిక్కు పైసలు ముట్టినయా అనే అడుగుతం. అందినయా అంటే ఆఫీసు మాట లెక్క ఉంటది. కాని తమ్ముడూ, మీ తోటివాళ్ల ఇబ్బంది కూడా విను. ముట్టు అంటే నెలసరి అన్న అర్థం ఇంకా ఊళ్లల్ల నడుస్తనే ఉంది. సర్వేకి వచ్చిన ఇరవై రెండేండ్ల పోరగాడు నడివయసు ఆడామెను "మీకు ముట్టిందా" అని ఒట్టిగ అడిగితే ఇద్దరూ సిగ్గుతో తలవంచుకుంటరు. "పైసలు మీ చేతికి ముట్టినయా" అని నిండుగ అడుగుమను. పైసలన్న మాట ముందు వస్తె ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. వీలైతే ఆడవాళ్లను అడగనీకి ఆడపిల్లలనే తోలు. మగోడు గడపల నిలబడితె కొడుకు మీద ఏ తల్లి చెప్తది?

నైరోబీ నుంచి:
అక్క చివరన అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 2011 జులైలో సోమాలియాలో కరువు ప్రకటించినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. దక్షిణాన చాలా చోట్లకి తిండిగింజల లారీలు వెళ్లే వీల్లేదు, అల్ షబాబ్ అనే సాయుధ ముఠా పట్టులో ఉన్న ప్రాంతాలవి. అందుకని సంస్థలు హవాలా వ్యాపారుల ద్వారా డబ్బు పంపాయి. మనకి హవాలా అంటే దొంగసొమ్ము గుర్తొస్తుంది. అక్కడ అది ఊరందరూ నమ్మే పద్ధతి, బ్యాంకు లేని చోట బ్యాంకు.

పంచిన చోటికి మేం వెళ్లలేం. కాబట్టి ఫోన్లు చేసి అడిగేవాళ్లు. "వచ్చిందా?" అంటే దాదాపు అందరూ వచ్చిందనే చెప్పేవారు. శిబిరాలను తమ గుప్పిట్లో పెట్టుకున్న గేట్‌కీపర్లు ఆ డబ్బులోంచి వాటా తీసుకుంటున్నారన్న సంగతి ఆ ప్రశ్నకి బయటపడదు. "తీసుకున్న రోజు సాయంత్రానికి మీ దగ్గర ఎంత మిగిలింది?" అని తిప్పి అడిగితే కొందరు చెప్పేవారు. ఇంకొందరు ఫోను పెట్టేసేవారు. పక్కన ఎవరున్నారో మాకేం తెలుస్తుంది? ఫోను పెట్టేసినవాళ్లని ‘జవాబు లేదు’ గడిలో వేసేవాళ్లం. ఆ గడి గురించి ఇప్పటికీ నాకు మనసులో ముల్లే.

తమ్ముడూ, ముట్టింది అని మార్చడం మంచిదే. దాని కిందే ఇంకో ప్రశ్న పెట్టు. ముట్టినదాంట్లో మిగిలినదెంత?

తాటాకు:
హవాలా అరబ్బీ మాట. ఒకరి బాధ్యతను ఇంకొకరికి అప్పగించడం అని. హవాల్దారు అందులోంచి వచ్చినవాడే, అప్పగించిన పనికి పూచీ ఉన్నవాడు. పాత దస్తావేజుల్లో ‘హవాలు చేసినాము’ అని కనిపిస్తుంది, అప్పజెప్పామని. మన భాషలో ఎంతో మర్యాదగా బతికిన మాట.

కొమ్మమూరు కాలువ:
పూచీ సంగతి వచ్చింది కాబట్టి ధాత కరువు గురించి ఒక్కమాట. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగం ఎండిపోయినప్పుడు కరువు పనుల్లో మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ తిండితో పలుగు పట్టి తవ్వేవాడు బతకడని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. మా పక్కన బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని కరువు కూలీలే తవ్వారు. దాని గట్టు మీద నడిచినప్పుడల్లా ఆ అణా గుర్తొస్తుంది. లెక్కల పుస్తకంలో కూలి ఇచ్చినట్టే ఉంటుంది. మనిషి డొక్క చూసి చెప్పినవాడు కార్నిష్. ఇంకా ముందు, 1832-33 నాటి నందన కరువుని గుంటూరు సీమలో డొక్కల కరువు అనే పిలిచారు. జనం పెట్టిన పేరులోనే లెక్క ఉంది.

పద్యం మీద నాదో ఊహ. ‘మేర’ని అందరూ కొలతగా తీసుకుంటున్నారు. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి తీసిపెట్టే వాటా కూడా మేరే. ‘సొమ్ము మేర యొల్ల’ అంటే నాకు సొమ్ములో వాటా అక్కర్లేదని.

పద్యాల మాష్టారు:
ఊహ బాగుంది గాని నిలవదు. ‘అడుగుల మేర’ అన్న వెంటనే ‘సొమ్ము మేర’ అన్నాడు, రెండూ ఒకే తూకంలో ఉండాలి. మొదటిది కొలత, రెండోదీ కొలతే. సొమ్ము రవ్వంత కూడా వద్దని.

ఇక్కడ ముందు పద్యం గుర్తుచేసుకోండి. ‘వరచేలంబులొ మాడలో ఫలములో’ అని బలి ఎన్ని అడుగుతాడు! బట్టలు కావాలా, మాడలు కావాలా, ఆవులా, గుర్రాలా, ఇళ్లా, ఊళ్లా, పొలాలా. మాడ అంటే బంగారు నాణెం, మీ భాషలో నగదు. అన్నీ వరసపెట్టి ‘యేమడిగెదో’ అంటాడు. తనకి తోచింది చేతిలో పెట్టి పంపేయలేదు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాణ్ణి ముందు అడగడం ఎంత గొప్ప! ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను, ఆ పాదం దగ్గరికి వస్తే గొంతు పట్టేసేది.

తాటాకు:
అదే బలి తర్వాత ‘కరంబు గ్రింద గుట, మీదై నా కరంబుంట మేల్ గాదే’ అని మురిసిపోయాడు కదా మాష్టారూ. శ్రీదేవి కొప్పు మీద ఆడిన విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన అని. సింగ్ నగర్‌లో క్యూలో నిలబడ్డవాళ్ల వైపు నుంచి చదివితే ఆ పాదం గుచ్చుకుంటుంది. లబ్ధిదారు అన్న మాటలో నాకు ఆ కింది చెయ్యే కనిపిస్తుంది. ‘సాయం తీసుకున్నవారు’ అంటే చాలు.

పద్యాల మాష్టారు:
ఆ పద్యం చివరిదాకా చదువు. ‘రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?’ పై చెయ్యి కూడా పోయేదేనని అదే నోటితో అన్నాడు.

తాటాకు:
నాపాయమే కాదు, ‘కాయంబు నపాయమే’ అని మా తాతగారు చదివేవారు.

పద్యాల మాష్టారు:
శార్దూలంలో అక్కడ గురువు పడాలి. ‘న’ అని పొట్టిగా అంటే గణం చెడుతుంది, అర్థం తలకిందులవుతుంది. న, అపాయము కలిసి నాపాయము. నాతిదూరం లాంటిదే. శరీరం చెడనిదా అని అడుగుతున్నాడు. నువ్వు చదివినట్టయితే చెడేదా అని అడిగినట్టు.

బుడమేరు గట్టు:
మాష్టారూ, ఆ దీర్ఘం చూస్తే నా ఫారం గుర్తొచ్చింది. "మీకు ఇబ్బందేమీ కాలేదు కదా?" అని ఒక ప్రశ్న ఉంది. "లేదు" అంటే ఇబ్బంది లేదనా, కాలేదన్న మాట నిజం కాదనా? ఇద్దరు సర్వేవాళ్లు రెండు రకాలుగా టిక్కు పెట్టారు. దాన్ని "ఏం ఇబ్బంది అయింది?" అని మార్చాను.

మొదటి ప్రశ్న నాలుగు ముక్కలైంది. డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి? ఎవరు వెళ్లి తీశారు? మీ చేతికి ఎంత ముట్టింది? అందులో ఎంత మిగిలింది? ‘ఎవరివి పడ్డాయి’ అని కూడా అడగాల్సి వస్తోంది. వరదప్పుడు ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకి 25,000, పై అంతస్తులకి 10,000 పరిహారం ప్రకటించింది. అదీ ఖాతాలోకే, మా సాయమూ ఖాతాలోకే. బ్యాంకు మెసేజీలో అంకె ఉంటుంది గాని ఎవరు పంపారో ఆ పెద్దావిడకి తెలిసే మాటలో ఉండదు. మాది రాలేదని ఆవిడ చెప్పినా, వచ్చిందని చెప్పినా ఏ డబ్బు గురించో మళ్లీ అడిగి తెలుసుకోవాలి.

అక్క చెప్పినట్టు ఆడవాళ్లని అడగడానికి ఇద్దరు అమ్మాయిలని పంపుతున్నాం. ఆ పెద్దావిడ ఇంటికి మాత్రం వాళ్లతో పాటు నేనూ వెళ్తాను. పాత ఫారంలో ఆవిడ పేరు ఎదురుగా ఇంకా ‘అవును’ అనే ఉంది, అది దిద్దాలి.

ఓరుగల్లు అక్క:
కొడుకు ముందల అడగకు తమ్ముడూ. ఆమె ఆ ఇంట్లనే బతకాలె.

బళ్లారి వైపు:
అంతా ముట్టు మీద పడ్డారు గాని, ‘కూకటి’ ఎవరూ పట్టించుకోలేదు. కూకటి అంటే జుట్టే అయితే కూకటివేరులో జుట్టు ఎక్కడిది? బ్రహ్మకూకటి అంటే బ్రహ్మపదానికి తల్లివేరు అనుకోకూడదా?

పద్యాల మాష్టారు:
వేరు నేలలో ఉంటుంది నాయనా, వామనుడు పెరిగింది పైకి. అయినా ఆగు, నిఘంటువు తీసి చూసి రేపు రాస్తాను.