వరి రకాల వైవిధ్యానికి ఎస్‌ఎస్‌ఆర్‌లా, ఎస్‌ఎన్‌పీలా?

ప్రశ్న: దేశవాళీ వరి రకాల జన్యు వైవిధ్యాన్ని అంచనా వేస్తున్నాను. ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో (డీఎన్‌ఏలో చిన్న వరుసలు పదేపదే వచ్చే చోట్లను గుర్తులుగా వాడేవి) పీఐసీ విలువ (మార్కర్ ఎంత వైవిధ్యాన్ని చూపగలదో తెలిపే కొలత) 0.6 దాటుతుండగా, ఎస్‌ఎన్‌పీలతో (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారే చోట్లు) 0.3 దగ్గరే ఆగిపోతోంది. ఎస్‌ఎన్‌పీలను పక్కన పెట్టాలా?

జవాబు 1: అక్కర్లేదండి. ఎస్‌ఎన్‌పీకి సాధారణంగా రెండే యుగ్మవికల్పాలు (ఒకే చోట కనిపించే వేర్వేరు రూపాలు) ఉంటాయి కనుక, అవి సరిసమానంగా ఉన్నా పీఐసీ 0.375 మించదు, ఎస్‌ఎస్‌ఆర్‌లోనైతే పునరావృతాల సంఖ్యను బట్టి ఎన్నో యుగ్మవికల్పాలు ఏర్పడతాయి. ఆ లోటును ఎస్‌ఎన్‌పీలు 12 క్రోమోజోముల పొడవునా వేల సంఖ్యలో ఉండి పూడుస్తాయి.

జవాబు 2: పై మాట నిజమే గానీ, ఎన్నో ఎస్‌ఎన్‌పీలను ఒకేసారి పరీక్షించే చిప్‌లోని ఎస్‌ఎన్‌పీలను మెరుగుపరచిన వంగడాల నుంచే ఎంచుకొని ఉంటే, దేశవాళీ రకాల్లో మాత్రమే ఉండే అరుదైన యుగ్మవికల్పాలు నమోదు కాక, వాటి వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది.

ప్రశ్న: రకానికి ఒక్క మొక్క సరిపోతుందా?

జవాబు 2: చాలదు. వరి ప్రధానంగా స్వపరాగ సంపర్క పంటే అయినా, దేశవాళీ రకం లోపల కూడా మొక్కకూ మొక్కకూ తేడాలుంటాయి. పలు మొక్కల డీఎన్‌ఏను విడివిడిగా తీయండి.