జాలు పట్టిన మూలలో ఓక్ చెట్టు బతుకుతుందా?

కట్టకింది_పొలం:
అందరికీ నమస్తే. నర్సంపేట దగ్గర చెరువు కట్ట కింద మాది రెండెకరాల నల్లరేగడి. అందులో కట్టవైపు 8 గుంటలు వానాకాలం మొదలైతే జాలు పట్టి సంక్రాంతి దాకా కాలు పెడితే దిగబడుతుంది. పోయినేడు 30 టేకు మొక్కలు పెట్టాను, వేర్లు కుళ్లి ఒక్కటీ మిగల్లేదు. అమెరికాలో ఉన్న మా చెల్లె వాళ్లింటి వెనక చిత్తడిలో పెరిగిన స్వాంప్ వైట్ ఓక్ ఫొటో పంపింది, అది అక్కడి సొంత చెట్టేనట. గింజలు తెప్పిస్తే ఇక్కడ వస్తుందా? ఆ మూలను బీడు పెట్టాలంటే మనసొప్పట్లేదు.

వాగొడ్డు:
వద్దన్నా. అది చలికి ఆకు రాల్చి నెలల తరబడి మంచులో ఉండే చెట్టు, మన మే నెల ఎండలకు అలవాటు లేనిది. పైగా పర్మిట్ లేకుండా బయటి దేశం విత్తనాలు తెప్పించకూడదు. నీ నేలకు మన ఏరుమద్ది ఉంది కదా, తెల్లమద్ది అని కూడా అంటారు, తెల్లగా నున్నగా ఉండి బెరడు పెచ్చులుగా ఊడుతుంది. వాగుల ఒడ్డున నీళ్లలో వేర్లు పెట్టుకుని పెరిగేది అదే. నల్లమద్ది వేరు, దాని బెరడు మొసలి తోలులా పగిలి ఉంటుంది, నర్సరీలో అడిగేటప్పుడు పేరు సరిగ్గా చెప్పు.

మొక్కల_అక్క:
మద్దే సరైనది తమ్మీ, కానీ జాలు తట్టుకునేది పెద్ద చెట్టు, చిన్న మొక్క నీళ్లలో మునిగితే చచ్చిపోతుంది. అందుకే గుంత తీసి పెట్టకు, మోకాలెత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద పెట్టు. ఎండాకాలంలో రాలే ఐదు రెక్కల కాయలు ఏరి, 2 రోజులు నీళ్లలో నానబెట్టి సంచుల్లో వేస్తే కొన్ని వారాలకు మొలుస్తాయి, అన్నీ మొలవవు కాబట్టి ఎక్కువే వెయ్యి. ఏడాది మొక్కను తొలకరికి నాటు, మొక్కకూ మొక్కకూ మధ్య 20 అడుగులు వదులు, అది చాలా విస్తరిస్తుంది. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది కదా, మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పొయ్యక తప్పదు. మేకల నుంచి కాపాడటానికి చుట్టూ సర్కారు తుమ్మ కంప వెయ్యి. ఆకుల మీద బుడిపెలు వస్తే టెన్షన్ పడకు, చిన్న పురుగు పని అది, చెట్టుకు ప్రాణాపాయం లేదు.

వాగొడ్డు:
ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, కట్ట మీద పెట్టొద్దు. పెద్ద చెట్ల వేర్లు మట్టికట్టలోకి దిగి, అవి కుళ్లిన చోట నీళ్లకు దారి పడుతుంది. కట్ట అంచు నుంచి బాగా ఎడం వదులు.

కట్టకింది_పొలం:
అక్కా, అన్నా, చాలా సంతోషం. మహాదేవ్‌పూర్ వైపు దసలి పట్టు పురుగులను మద్ది చెట్ల మీదే పెంచుతారని విన్నాను, 8 గుంటల్లో అదీ కుదురుతుందా?

మొక్కల_అక్క:
పట్టుకైతే చెట్లను దగ్గరగా పెట్టి, పొట్టిగా కత్తిరిస్తూ పెంచాలి, పిట్టల నుంచి పురుగులను రోజంతా కాయాలి. నీకున్న చోటుకు అంత కష్టం గిట్టదు. మద్ది మధ్యమధ్యలో రెండు నేరేళ్లు, కాస్త ఎత్తు మీద రెండు కానుగలు పెట్టుకో, అవీ తడి తట్టుకుంటాయి, పైగా కానుగ పూతకు తేనెటీగలు వస్తాయి.