పీహెచ్‌సీలో జలుబు వైరస్ పేరు తేల్చే టెస్టు పెట్టాలా, వద్దా?

మెట్టరైతు: 2025 జనవరిలో టీవీలవాళ్లు హెచ్‌ఎంపీవీ అనే జలుబు వైరస్ వచ్చిందని గోల చేసినప్పటి నుంచి మా ఊళ్లో ఎవరు దగ్గినా టెన్షనే. పీహెచ్‌సీకి పోతే పారాసెట్మాల్ చేతిలో పెట్టి పంపేస్తున్నారు. ఏ వైరసో తేల్చే పీసీఆర్ టెస్టు మండలానికి ఒకటైనా పెట్టొచ్చుగా? టౌన్‌వాళ్లకో న్యాయం, మాకో న్యాయమా?

ల్యాబ్‌కుర్రాడు: పెట్టాలనే నేనూ అంటా. మామూలు జలుబు తెచ్చే కరోనాలే 4 ఉన్నాయి: 229ఈ, ఓసీ43, ఎన్‌ఎల్63, హెచ్‌కేయూ1. ఒకసారి వచ్చి తగ్గినా ఏడాది తిరిగేసరికి మళ్లీ రావచ్చు. వైరస్ అని కాగితం మీద ఉంటే ఆర్‌ఎంపీ వైరస్‌కు పనిచేయని అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ ఇవ్వడానికి కాస్త వెనకాడతాడు.

సబ్‌సెంటర్ సిస్టర్: వెనకాడడు తమ్ముడూ, సూది వేయకపోతే జనమే ఊరుకోరు. సరే, రిపోర్టులో ఓసీ43 అని వచ్చిందనుకో. ఏం మందిస్తావు? ఆ నాలుగింటికీ విడిగా మందే లేదు. రిపోర్టు వచ్చేలోపు బిడ్డకు తగ్గిపోతుంది, లేదా ముదురుతుంది. నా భయమంతా ఆ రెండోదే.
చంటిబిడ్డను తెస్తే ఏడుపు ఆగేదాకా ఆగి, చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడతాను. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది, పసిబిడ్డల ఊపిరి ఒక్క తీరున ఉండదు. 2 నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40 వచ్చినా, దాటినా న్యుమోనియా అనుమానించాల్సిందే. డొక్కలు ఎగరేస్తుంటే ఇంకేం చూడను, 108కి ఫోన్ చేస్తాను.

మెట్టరైతు: పిల్లల సంగతి సరేనమ్మా. మా నాన్నకు అసలే ఆయాసం. పడిశం పది రోగాల పెట్టని ఊరికే అన్నారా?

సబ్‌సెంటర్ సిస్టర్: ఆయనకైతే వేలికి ఆక్సిమీటర్, అదే రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు, పెట్టించండి. ముందు ఇంట్లో కట్టెల పొయ్యి పొగకు దూరంగా మంచం వేయండి. టెస్టు డబ్బుతో ఎన్ని ఆక్సిమీటర్లు వస్తాయో ఆలోచించారా?

ల్యాబ్‌కుర్రాడు: అక్కా, రేపు కొత్త వైరస్ వస్తే? 2019 చివర్లో వూహాన్‌లో కొవిడ్ మొదట కనిపించింది కూడా కారణం తెలియని న్యుమోనియాగానే. ఊపిరి లెక్కపెడితే అది దొరికేదా?

సబ్‌సెంటర్ సిస్టర్: దొరకదు, నిజమే. కానీ దానికి దగ్గిన ప్రతివాడికీ టెస్టు అక్కర్లేదు. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో శాంపిళ్లు తీస్తే చాలు. మీరు భయపడ్డ ఆ హెచ్‌ఎంపీవీ కేసులు రెండు కర్ణాటకలో బయటపడింది కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ మామూలుగా చేసే నిఘాలోనే.

ల్యాబ్‌కుర్రాడు: ఆ ఆసుపత్రులు ఎక్కడుంటాయి? ఏజెన్సీ గూడేల్లో ఉండవుగా. నేను అడిగేదే అది.

మెట్టరైతు: మీ వాదన మీరు కానివ్వండి. మా సబ్‌సెంటర్లో ఆక్సిమీటర్ ఉందో లేదో రేపు పోయి చూస్తా. లేకపోతే ఎవరిని అడగాలో చెప్పండి సిస్టర్.